స్టాటిక్ ఎలక్ట్రిసిటీ కిట్: వైజాగ్‌లో 1 స్టార్, ఆదిలాబాద్‌లో 4

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌కి పోయిన ఆగస్టులో నేనే 1 స్టార్ ఇచ్చి "డబ్బులు దండగ, ఎవరూ కొనకండి" అని రాసి పడేశా. ఇప్పుడు జనవరిలో కూర్చుని ఆ రివ్యూ మారుస్తున్నా. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి బతిమాలారనో, కూపన్ పంపారనో అనుకోకండి, కస్టమర్ కేర్‌కి మూడు మెయిల్స్ పెడితే ఇప్పటికీ ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే పేరు కూడా రాయట్లేదు, ఆన్‌లైన్‌లో ఇలాంటివి పది కంపెనీలవి దొరుకుతాయి, లోపల సరుకు ఇంచుమించు ఒకటే, నేను చెప్పేది ఏది కొన్నా పనికొస్తుంది.

మా పెద్దది ఎనిమిదో క్లాసు. సైన్స్‌లో మెరుపులు, ఛార్జ్‌లు అని ఒక పాఠం ఉంది, రీఫిల్‌ని రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టడం, జామ్ సీసాలో అల్యూమినియం రేకులు వేలాడదీయడం అవన్నీ అందులోవే. స్కూల్లో బోర్డు మీద బొమ్మ వేసి అయిపోయింది అనిపించారు, ఇది ఇంటికొచ్చి "అమ్మా, నిజంగా తోసుకుంటాయా లేక ఊరికే రాశారా" అని నా ప్రాణం తీసింది. నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివి తర్వాత బీకామ్‌లోకి దూకినదాన్ని, "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి" (అంటే ఒకే రకం ఛార్జ్‌లు తోసుకుంటాయి, వేరే వేరే రకాలవి లాక్కుంటాయి) అని నిద్రలో లేపి అడిగినా చెప్తా కానీ కళ్ళతో చూసింది ఎప్పుడూ లేదు. సరే అని 1,499 పెట్టి ఆర్డర్ చేశా.

డబ్బాలో ఏముందంటే, బ్యాటరీలేసి బటన్ నొక్కితే గుయ్ మనే ఒక దండం, దానితో గాల్లో ఎగరేయడానికి తళుకు కాగితంతో చేసిన బొమ్మలు, పైన రేకు చుట్టిన థర్మోకోల్ బంతులు పది, ఒక దారం రీలు, రెండు ప్లాస్టిక్ రాడ్లు, రెండు గుడ్డ ముక్కలు, సీసా లాంటి ఎలక్ట్రోస్కోప్ (ఛార్జ్ ఉందో లేదో చూపించేది) ఒకటి, ఇంకా నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితం గురించి తర్వాత చెప్తా, దాని మీద నాకు చాలా కోపం ఉంది.

ఆగస్టులో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు, అదే బాధ. మా ఫ్లాట్ బీచ్‌కి పది నిమిషాల నడక, ఉదయం ఆరేసిన టవల్ సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది, ఉప్పు డబ్బా మూత తీస్తే గడ్డలు. దాంట్లో కూర్చుని పిల్లది రాడ్ని రుద్దీ రుద్దీ మోచెయ్యి నొప్పెట్టేదాకా రుద్దింది, కాగితం ముక్క ఒక్కటి కొంచెం కదిలి మళ్ళీ పడుకుంది. దండం మీద తళుకు బొమ్మ వేస్తే తడి ఆకు పడ్డట్టు దానికే అతుక్కుని జారిపోయింది. చిన్నోడైతే ఆ దండాన్ని కత్తి చేసుకుని సోఫా మీద యుద్ధాలు మొదలెట్టేశాడు, 1,499కి వచ్చిన లాభం అదొక్కటే అప్పటికి. నేను కోపంగా రివ్యూ కొట్టి డబ్బాని అటక మీదకి తోసేశా.

క్రిస్మస్ సెలవులకి అన్నయ్య వాళ్ళింటికి ఆదిలాబాద్ వెళ్ళాం. డిసెంబర్ చివర్లో అక్కడ చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి రగ్గు తీసి కప్పుకుంటుంటే చీకట్లో చిటపటమని చిన్న చిన్న మెరుపులు. పిల్లది లేచి కూర్చుంది. "అమ్మా, ఆ కిట్ తెచ్చుంటే!" అంది, మెల్లిగా దాని బ్యాగ్ వైపు చూసింది, తీరా చూస్తే నాకు చెప్పకుండా అటక మీంచి దింపి తెచ్చేసుకుంది ముందే.

మా వదిన అక్కడ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తుంది. మొత్తం కథ విని నవ్వి, "సముద్రం ఒడ్డున కూసొని ఆగస్టుల ఇది జేస్తరా ఎవరన్న?" అంది. తను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. గాల్లో తేమ ఎక్కువైతే గాలే కరెంటుని లాగేస్తుందని మనం అనుకుంటాం, అసలు సంగతి అది కాదంట, తేమ రాడ్ల మీద, దారం మీద, బంతుల మీద కంటికి కనపడనంత పల్చగా పొరలా పడుతుంది, మా ఊళ్ళో అయితే దానికి ఉప్పు కూడా తోడు, ఆ పొర మీదుగా ఛార్జ్ మెల్లిగా కారిపోతుంది, మనం ఒకవైపు రుద్దుతుంటే ఇంకోవైపు చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు. ఈ సంగతి డబ్బా మీద ఒక్క లైను రాసుంటే నేను ఆ 1 స్టార్ ఇచ్చేదాన్నే కాదు కదా. ఛార్జ్‌ల మధ్య తోపుడు, లాగుడు బలం లెక్క తేల్చిన కూలుంబ్ గారికే ఈ తిప్పలు తప్పలేదంట, 1785లో సన్నటి తీగ మెలిపడే త్రాసుతో కొలిచాడు కదా, దాని మీద రాసిన పేపర్ల సిరీస్‌లోనే ఒక పేపర్ మొత్తం ఛార్జ్ ఎలా కారిపోతుందన్నదాని మీదే రాశాడంట. వృత్తికి ఆయన మిలిటరీ ఇంజనీర్, కోటలు కట్టే మనిషి.

ఇక అక్కడ పొడి గాల్లో దండం ఆన్ చేస్తే, అబ్బో. తళుకు బొమ్మని పైనుంచి వదిలితే ముందు దండం వైపు దూసుకొచ్చింది, తాకింది, తాకిన మరుక్షణం తన్ని తరిమినట్టు పైకి లేచి గొడుగులా విచ్చుకుంది. అలా విచ్చుకోవడం ఎందుకంటే దండం ఛార్జ్ దానికి అంటుకుంది, ఇప్పుడు దండానిదీ దీనిదీ ఒకే రకం కాబట్టి దూరంగా తోసుకుంటున్నాయి, అంతేకాదు ఆ బొమ్మలో ఒక్కో పోగుకీ అదే రకం ఛార్జ్ కాబట్టి పోగులు కూడా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కిందనుంచి దండం తోసే బలం, బొమ్మ బరువు సరిసమానమైన చోట అది గాల్లో నిలబడిపోతుంది. దండాన్ని కొంచెం పైకి జరిపితే బొమ్మ కూడా పైకి. చిన్నోడు దాన్ని హాల్లో ఊరేగించాడు. ఒకసారి మా అన్నయ్య ముక్కు దగ్గరికి వెళ్ళి టక్కున అతుక్కుపోయింది, ఇల్లంతా నవ్వులు.

నవ్వాక పిల్లది అడిగింది, "మామయ్య ముక్కుకి ఛార్జ్ లేదు కదా, మరి ఎందుకు అతుక్కుంది?" ఇక్కడే ఆ నాలుగు మడతల కాగితం బండారం బయటపడింది. అందులో ఏం రాశారంటే "రెండు వస్తువులు ఆకర్షించుకుంటే వాటికి వ్యతిరేక ఆవేశాలు ఉన్నట్టు". తప్పు. ఛార్జ్ లేని వస్తువు దగ్గరికి ఛార్జ్ ఉన్నది వస్తే, లేనిదాంట్లో ప్లస్‌లూ మైనస్‌లూ కొంచెం అటూ ఇటూ సర్దుకుంటాయి, వ్యతిరేకమైనవి ఇటువైపు, అదే రకానివి అవతలికి, దగ్గరున్నవాటి లాగుడు దూరంగా ఉన్నవాటి తోపుడు కంటే ఎక్కువ కాబట్టి మొత్తమ్మీద ఆకర్షణే. దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకునేదీ ఇందుకే, కాగితం ముక్కలకి ఎవరూ ఛార్జ్ ఇవ్వలేదు కదా. అందుకనే వికర్షణే ఆవేశానికి సరైన పరీక్ష అని మా ఇంటర్ పుస్తకంలో ఉండేది, రెండు మార్కుల ప్రశ్న, ఎందుకో తెలీకుండానే రాసి మార్కులు తెచ్చుకున్నా. పాతికేళ్ళ తర్వాత మా అన్నయ్య ముక్కు వల్ల తెలిసింది.

కాగితంలో రెండో తప్పు "రుద్దడం వల్ల ఆవేశం పుడుతుంది" అని. పుట్టదు, ఒకదాని మీంచి ఎలక్ట్రాన్లు ఇంకోదాని మీదకి మారతాయి, అంతే. వదిన ఇది చూపించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. కిట్‌లో పట్టు అని ఇచ్చిన గుడ్డ పట్టు కాదు, మా అత్తయ్య వేలితో ఇలా నలిపి "ఇది పాలిస్టర్ కదే" అని ఒక్క సెకన్లో తేల్చేసింది, ఉన్ని అని ఇచ్చింది కూడా అంతంతమాత్రమే. దాంతో వదిన ఇంట్లో ప్లంబర్ వదిలేసిన అరంగుళం పీవీసీ పైపు ముక్క, మా అన్నయ్య మంకీ టోపీ తీసుకుంది. టోపీతో పైపుని నాలుగుసార్లు గట్టిగా రుద్ది ఎలక్ట్రోస్కోప్ మీద రాస్తే లోపల రెండు రేకులూ ఠక్కున విడిపోయి అలానే ఉండిపోయాయి. అప్పుడు టోపీని పైన దగ్గరగా తెచ్చింది. రేకులు దగ్గరికొచ్చాయి. టోపీ తీసేస్తే మళ్ళీ విచ్చుకున్నాయి. అంటే పైపుకి వచ్చిన మైనస్‌కి సరిపడా ప్లస్ టోపీలో మిగిలింది, ఒకరికి వచ్చింది ఇంకొకరి దగ్గర పోయిందే. నాకు ఇది డెబిట్, క్రెడిట్ లాగా అనిపించి వెంటనే ఎక్కేసింది.

మూడో తప్పు అన్నిటికంటే ఘోరం, "దూరం రెట్టింపు అయితే బలం సగం అవుతుంది" అని బోల్డ్ అక్షరాల్లో రాశారు. వదిన చదివి, "ఏందిది, సగం అని రాసిండ్రు? నాలుగో వంతు కదా!" అని ఎర్ర పెన్ను తీసింది. కానీ మా దానికి ఎవరు చెప్పినా నమ్మకం ఉండదు, "అత్తా, నీ మాటా కాగితం మాటా రెండూ మాటలే కదా, కొలిచి చూద్దాం" అంది. అలా ఆ మర్నాడు మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది, అసలు నేను ఈ కిట్‌కి స్టార్లు పెంచింది ఆ మధ్యాహ్నం వల్లే.

థర్మోకోల్ బంతులు రెండు తీసుకున్నాం. వాటి బరువు వంటింటి త్రాసు చూపించదు, అందుకని పదీ కాగితం పొట్లం కట్టి తెలిసిన బంగారం కొట్లో తూయించాం, ఆయన వింతగా చూసి మొత్తం 1 గ్రాము అన్నాడు, అంటే ఒక్కోటి 0.1 గ్రాము. కిట్‌లో ఇచ్చిన నూలు దారం తేమ పీలుస్తుంది, దాన్ని పక్కన పడేసి పూసలు గుచ్చే సన్న నైలాన్ దారం 30 సెంటీమీటర్లు కట్టి రెండు బంతుల్నీ ఒకే మేకుకి పక్కపక్కనే వేలాడదీశాం. పైపుతో రెండింటికీ ఛార్జ్ ఇస్తే విడిపోయి మధ్యలో 6 సెంటీమీటర్ల ఎడంతో నిలబడ్డాయి. స్టీల్ స్కేలు దగ్గరికి తెచ్చి కొలుద్దామంటే బంతులు స్కేలు మీదకే వస్తాయి (ముక్కు కథే మళ్ళీ), అందుకని వెనకాల కాస్త దూరంగా గ్రాఫ్ కాగితం అంటించి ఫోన్‌తో ఎదురుగా దూరం నుంచి జూమ్ చేసి ఫోటో తీశాం.

ఇప్పుడు అసలు ఉపాయం. మూడో బంతి, ఛార్జ్ లేనిది, దారానికి కట్టి తెచ్చి మొదటి బంతికి ముట్టించాలి. రెండూ ఒకే సైజు కాబట్టి ఛార్జ్ సగం సగం పంచుకుంటాయి. (ముట్టించేటప్పుడు రెండో బంతిని దారం పట్టుకుని పక్కకి జరపాలి, లేకపోతే సరిగ్గా సగం అవ్వదు.) మూడోది తీసేస్తే మొదటి బంతికి సగమే మిగిలింది, రెండోదానికి పూర్తిగా ఉంది. పిల్లది ఏమనుకుందంటే ఛార్జ్ తగ్గినదే లోపలికి వస్తుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది అని. కానీ రెండూ సమానంగా లోపలికి వచ్చాయి! "దానిది తగ్గలేదు కదా, అదెందుకు దిగింది?" అని మొహం అలా పెట్టింది. బలం అనేది ఒక్కరి సొత్తు కాదు కదా, రెండు ఛార్జ్‌ల గుణకారం, ఇది దాన్ని ఎంత తోస్తుందో అది దీన్ని అంతే తోస్తుంది, ఒకటి సగమైతే ఇద్దరి మీదా బలం సగమే. ఇది నోటితో వందసార్లు చెప్పినా ఎక్కదు, చూస్తే ఒక్కసారికే ఎక్కుతుంది.

ఎడం ఎంతకి తగ్గిందన్నదే కాగితానికీ వదినకీ మధ్య తీర్పు. వదిన ఆ కాగితం వెనకాలే లెక్క వేసింది. కొంచెం కోణంలో వేలాడే బంతికి దారం ఎంత పక్కకి జరిగితే బలం అంత ఉన్నట్టు, అంటే బలం ఎడాన్ని బట్టి నేరుగా. వదిన చెప్పినట్టు ఛార్జ్ బలం ఎడం వర్గానికి తిరగేసి ఉంటే (ఎడం రెట్టింపైతే బలం నాలుగో వంతు), ఎడం ఘనం ఛార్జ్‌ల గుణకారంతో పాటు మారాలి. 6 ఘనం 216, సగం 108, ఘనం చేస్తే 108 వచ్చేది 4.76. కాగితం చెప్పినట్టయితే వర్గమే చాలు, 6 వర్గం 36, సగం 18, అంటే 4.24. మూడుసార్లు చేశాం, మొదటి ఎడం ప్రతిసారీ 6 వచ్చేదాకా పైపుతో కొంచెం కొంచెం ఛార్జ్ ఎక్కించుకుని. వచ్చినవి 4.6, 4.7, 4.7. మధ్యలో కాస్త కారిపోతుంది కాబట్టి 4.76కి కొద్దిగా తక్కువే రావాలి, వచ్చింది. వంటింటి స్టూలూ, మేకూ, మంకీ టోపీతో ఇంత దగ్గరగా వస్తుందని నేనైతే అనుకోలేదు. మా పెద్దది ఆ కాగితం మీద "నాలుగో వంతు" అని పెద్దగా రాసి సంతకం కూడా పెట్టింది.

అక్కడితో ఆగలేదు, బరువు తెలుసు, దారం తెలుసు, ఎడం తెలుసు కాబట్టి ఛార్జ్ ఎంతో కూడా లాగొచ్చు అని వదిన కూర్చుంది. ఒక్కో బంతి మీద సుమారు 6 నానోకూలుంబ్‌లు వచ్చింది (ఛార్జ్‌ని కూలుంబ్‌లలో కొలుస్తారు, నానో అంటే అందులో వంద కోట్ల వంతు). అంటే దాదాపు 3,900 కోట్ల ఎలక్ట్రాన్లు ఎక్కువగా వచ్చి కూర్చున్నాయన్నమాట. వినడానికి బోలెడు, కానీ ఆ బంతిలో మామూలుగా ఉండే ఎలక్ట్రాన్లతో పోలిస్తే లక్ష కోట్లకి ఒకటి చొప్పున ఎక్కువ, అంతే. ఆ కాస్తకే బంతి పక్కకి జరిగిపోయింది. మరి 1 కూలుంబ్ ఇటు, 1 కూలుంబ్ అటు, మధ్యలో 1 మీటరు పెడితే? 900 కోట్ల న్యూటన్ల బలం, అంటే 9 లక్షల టన్నుల బరువు. లోడుతో 5 వేల టన్నులుండే గూడ్సు అనుకుంటే అలాంటివి 180 బండ్లు. వైజాగ్‌లో ఖనిజం బండ్లు వెళ్తుంటే గేటు దగ్గర బండి ఆపుకుని పెట్టెలు లెక్కపెట్టే మా చిన్నోడికి ఈ లెక్క మాత్రం బాగా నచ్చింది.

భద్రత గురించి కింద కామెంట్లలో చాలామంది అడిగారు. దండానికి వేలు దగ్గరపెడితే చిన్న నిప్పురవ్వ, చీమ కుట్టినట్టు ఉంటుంది. పొడి గాల్లో 1 సెంటీమీటరు దూకాలంటే దాదాపు 30 వేల వోల్టులు కావాలి కాబట్టి అర సెంటీమీటరు రవ్వ అంటే 15 వేలు, వినగానే మా అత్తయ్య "పారెయ్ దాన్ని" అంది. కానీ దాంట్లో ఉన్న ఛార్జ్ ఆవగింజంత, ఒక్క క్షణంలో అయిపోతుంది, గోడకున్న ప్లగ్ 230 వోల్టులే అయినా పట్టుకుంటే ఇస్తూనే ఉంటుంది, అదీ ప్రమాదం. అయినా గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దండం జోలికి పోవద్దు, ఫోన్ కూడా దూరంగా పెట్టుకోండి.

తిరిగి వైజాగ్ వచ్చాక మళ్ళీ ట్రై చేశాం. మామూలుగా పెడితే ఆగస్టు కథే, కాకపోతే కొంచెం నయం. బెడ్‌రూమ్‌లో ఏసీ గంటసేపు వేసి తలుపులు మూసి, పైపునీ బంతుల్నీ హెయిర్ డ్రయర్‌తో వెచ్చగా చేస్తే రేకులు విచ్చుకున్నాయి, తళుకు బొమ్మ కూడా ఎగిరింది, ఐదారు నిమిషాలకి మళ్ళీ డ్రయర్ పట్టాలి. బంతుల కొలతలు మాత్రం ఇక్కడ కుదర్లేదు, ఫోటో తీసేలోపే దగ్గరికి వచ్చేస్తున్నాయి. ఇంకోటి, జుట్టుకి రుద్దేవాళ్ళు నూనె రాసుకున్న రోజు చేయకండి, మా దాని రెండు జడలతో ఆ ప్రయోగం కూడా అయిపోయింది.

కోస్తా వాళ్ళు కొనాలంటే డిసెంబర్, జనవరి నెలల్లో తెప్పించుకోండి, డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, మందు సీసాల్లో వచ్చేవి చాలు. దారం మార్చేయండి, గుడ్డలు మార్చేయండి, కాగితం చింపేయండి. పైపూ టోపీ ఎలాగూ ఇంట్లోవే, కాబట్టి నిజానికి 1,499లో పనికొచ్చింది దండం, బంతులు, ఎలక్ట్రోస్కోప్, ఈ మూడే, 800 పెట్టొచ్చు వాటికి. స్టార్లు: వస్తువుకి 4, ఆ కాగితానికి సున్నా, రెండిటికీ విడివిడిగా యాప్‌లో పెట్టే వీల్లేదు కాబట్టి 3 కొట్టా.

అప్‌డేట్: నిన్న దండంలో రబ్బరు బెల్టు తెగింది. స్పేర్ ఇవ్వలేదు, కస్టమర్ కేర్‌కి నాలుగో మెయిల్ పెట్టా. ఈలోగా చిన్నోడికి మళ్ళీ కత్తి దొరికింది.